కెమెరాలకు తాంబూలం సంచులు

ఈమధ్య మాదాపూర్‌లో ఒక అద్దాల మేడలో, సినిమాలు తీయాలని ఉబలాటపడే పిల్లల సభకి నన్ను పిలిచారు. పరిచయం చేసిన అబ్బాయి నన్ను "సీనియర్ కంటెంట్ క్రియేటర్" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. కంటెంట్ అంటే డబ్బాలో నింపే సరుకు. నేను మనుషుల్ని తీశాను గానీ సరుకు నింపలేదు. మైకు చేతికి రాగానే ఆ మాటే అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఈకాలం పిల్లలు తిట్టినా కొడతారు.

తరువాత టీ తాగుతుంటే ఒకమ్మాయి వచ్చి, "సార్, ఇన్నేళ్లలో మీకు బాగా నచ్చిన షాట్ ఏది?" అని అడిగింది. అప్పటికి ఏదో ఒకటి చెప్పి పంపించేశాను. మెట్రోలో ఇంటికి వస్తున్నంతసేపూ గుర్తొచ్చింది మాత్రం వేరు. తెల్లాపూర్ అవతల ఒక చోట, కర్టెన్లు దించిన హాల్లో, కెమెరా మూతికి సంచి కట్టేసి కూర్చున్న ఒక మునిమాపు వేళ. అమ్మాయీ, నీకు చెప్పాల్సింది అదే. నువ్వు ఇది చదువుతావో లేదో. భుజాన కెమెరా తగిలించుకుని తిరిగే నీలాంటివాళ్లెవరైనా చదివినా చాలు.

నేను బడికి వెళ్లింది తక్కువ. నాన్న రైల్వేలో చిన్న ఉద్యోగి. స్టేషన్ మారినప్పుడల్లా క్వార్టర్ మారేది, క్వార్టర్‌తోబాటు బడి మారేది. చివరికి నేనే బడి మానేశాను. కెమెరా పట్టుకోవడం పెళ్లి వీడియోల దగ్గర నేర్చుకున్నాను. ఏ అత్తగారు అలిగింది, ఏ మేనమామ బంతిలో కూర్చోకుండా పక్కకి తప్పుకుంటున్నాడు, అది కనిపెట్టడమే నా చదువు. ఎడిటింగ్ రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఇన్‌స్టిట్యూట్లలో చదివొచ్చినవాళ్లు చాటున నన్ను "పెళ్లిళ్ల వీడియో" అనేవారు. ఆ కోపం ఇంకా పోలేదు. పోనివ్వను కూడా.

డాక్యుమెంటరీల్లోకి వచ్చాక నేను తీసినవన్నీ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగాయి. "మీది ఏ ఊరు?" మగ్గం ముందు కూర్చున్నవాళ్లని అడిగాను, రాళ్లు కొట్టేవాళ్లని అడిగాను, హాస్టల్లో మంచానికీ మంచానికీ మధ్య చీర అడ్డం కట్టుకుని బతికే సాఫ్ట్‌వేర్ అమ్మాయిలని అడిగాను. ఆ ప్రశ్న వినగానే ఎంతటివాడి ముఖంలోనైనా ఏదో కదులుతుంది. ఆ కదలికే నాకు అన్నం పెట్టింది.

నా ఆఖరి పని ఒక గేటెడ్ కమ్యూనిటీ వాళ్లది. అన్నీ ఒకే పోలికలో ఉన్న తెల్లటి విల్లాలు. వార్షికోత్సవానికి "మన కమ్యూనిటీ కథ" అని ఒక ఫిల్మ్ కావాలన్నారు. అందులో ఉండేవాళ్లు ఎక్కువమంది కోస్తా వైపు నుంచి వచ్చినవాళ్లు. ఐటీ ఉద్యోగులు, ప్రభుత్వ కొలువులు చేసి రిటైరైనవాళ్లు. సంఘానికి కార్యదర్శి ఒకావిడ, కృష్ణా జిల్లా మనిషి, ట్రెజరీ శాఖలో పెద్ద పదవి చేసి దిగారు. మాట మెత్తన, పట్టు ఉడుం పట్టు. అందరూ ఆమెని మేడమ్ అనేవారు. నేనూ అదే అనేవాణ్ణి, గత్యంతరం లేక.

కాంపౌండ్ గోడ అవతల పాత ఊరు. ఇరుకు సందులు, కిరాణా కొట్లు, గేదెల కొట్టం ఒకటి మిగిలింది. అసలు ఈ విల్లాలు లేచింది ఆ ఊరి జొన్న చేలల్లోనే. గోడకి ఇటువాళ్లు దాన్ని "ఆ విలేజ్" అనేవారు. అటువాళ్లు వీళ్లని "గేటోళ్లు" అనేవారు. పాలు, కూరగాయలు, పనిమనుషులు రోజూ గోడ దాటి వచ్చేవారు. పలకరింపులు మాత్రం దాటేవి కావు.

సరిగ్గా నేను పని మొదలుపెట్టిన రోజుల్లో ఆ ఊరివాళ్లు బొడ్రాయి పండుగ తలపెట్టారు. బొడ్రాయి అంటే ఊరి నడిబొడ్డున పాతే రాయి, ఊరికి బొడ్డు లాంటిది. రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ పాత రాయి సిమెంటు కింద పడిపోయింది. దాన్ని పైకి తీసి మళ్లీ నిలబెట్టాలి. తరానికొకసారి వచ్చే పండుగ. పెళ్లిళ్లయి వెళ్లిపోయిన ఆడబిడ్డలందరినీ, ముసలమ్మలైపోయినా సరే, పిలవాలి. ఆఖరిరోజు ఊరికి కట్టు కడతారు. అంటే ఆ పూట ఎవరూ పొలిమేర దాటి బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. అప్పుడు పొలి చల్లుతారు. బలిచ్చిన పొట్టేలు రక్తం, పసుపు కలిపిన అన్నాన్ని గంపలో ఎత్తుకుని, పొలిమేర పొడుగునా చల్లుకుంటూ ఊరి చుట్టూ తిరిగి వస్తారు. మొదలైనచోటికి తిరిగొచ్చి ముడి పడితేనే ఊరు కట్టినట్టు. మధ్యలో తెగితే పండుగంతా వృథా. మళ్లీ చేయడానికి ఎవరుంటారు?

పొలిమేర ఎక్కడుందో తెలిసిన మనిషి ఊళ్లో ఒకే ఒక పెద్దాయన. పోయినసారి వాళ్ల నాన్న వెనక నడిచాడట. బక్కపల్చటి మనిషి, భుజం మీద ఎర్ర తువ్వాలు, నోరు మాత్రం డప్పు. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఫిల్ముకి ఇలాంటి మనిషి దొరకాలంటే పెట్టి పుట్టాలి. వెళ్లి అడిగాను.

"అన్ని తీస్కో. బొడ్రాయిని తీస్కో, ఆడబిడ్డల తీస్కో, బోనాలు తీస్కో. పొలి ఒక్కటి తియ్యకు."

"ఎందుకు పెద్దాయనా?"

"పొలి పొయ్యేటప్పుడు ఎవ్వలు సూడొద్దు. ఇండ్లల్లకు వోయి దర్వాజలు పెట్టుకోవాలె, దీపాలు బంద్ జెయ్యాలె, సప్పుడు జెయ్యొద్దు. గంతే."

"నేను చూడను. తల పక్కకి తిప్పుకుంటాను. కెమెరా చూస్తుంది."

"కెమెరాకు కన్ను లేదా? గుడ్డిదా?"

నా వెనక హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని నిలబడ్డ మనిషి పకపకా నవ్వింది. నా సౌండ్ రికార్డిస్టు. చాలా ఏళ్లు నాతో పనిచేసింది. యాలక్కాయ నములుతూ, ప్రపంచంలో చెవులున్నది తనొక్కతికే అన్నట్టు తిరిగేది. "అన్నా, చూడొద్దన్నాడు. వినొద్దనలేదు కదా," అంది.

పెద్దాయన ఆమెని ఎగాదిగా చూశాడు. "ఇంటే ఇనుండ్రి. చెవులు మూసుకొమ్మని మా తాతలు కూడ చెప్పలే. కని మీరు బయటోళ్లు. పొలిమేర లోపట ఎవరింట్లనన్న అన్నం తిని, ముడిపడేదాక ఆడనే కూసోండ్రి. సుట్టాల కింద లెక్క."

అప్పుడు బయటపడింది అసలు చిక్కు. పొలిమేర ఇప్పుడు ఎటు నుంచి పోతుందంటే, ఒక కంపెనీ పార్కింగ్ పక్క నుంచి, మెయిన్ రోడ్డు దాటి, నేరుగా గేటెడ్ కమ్యూనిటీ నడుమ నుంచి. అందులో స్తంభానికొక సీసీ కెమెరా.

పెద్దాయనని వెంటబెట్టుకుని నేనే లోపలికి తీసుకెళ్లాను. ఆయన విల్లాల మధ్య కర్ర పెట్టి చూపిస్తూ నడిచాడు. "గీ ఇంటి గోడ, గా ఇంటి కార్ల షెడ్డు, పోరలు ఊగే ఉయ్యాలలు, గిదంత పొలిమేర. ఈడ పెద్ద గుండు ఉంటుండె. పేల్చిండ్రు." జనం బయటికొచ్చి వెంట నడిచారు. "అంకుల్, మా ఇల్లు పొలిమేర మీద ఉందా?" అని ఒకాయన, "వాస్తుకి దోషం కాదు కదండీ?" అని ఒకావిడ. ఆయన లెక్క ప్రకారం క్లబ్ హౌస్ ఈ ఊరిది, ఈత కొలను పక్కూరిది. రియల్ ఎస్టేట్ వాళ్లు బ్రోచర్‌లో రాయని సంగతి.

ఆ రోజు అంతా సరదాగానే గడిచింది. మర్నాడు ఊరి కమిటీ కుర్రాళ్లు ఉత్సాహం పట్టలేక అందరి ఫోన్లకీ ఒక వాట్సాప్ సందేశం పంపారు. "పొలి చల్లు సమయమున బయటివారు గ్రామ పొలిమేరలో ఉండరాదు." అంతే, కందిరీగల తుట్టె కదిలింది. "మమ్మల్ని ఇళ్లు ఖాళీ చేయమంటున్నారా?" "మేం కొనుక్కుని వచ్చాం, ఎవరి దయతోనో రాలేదు." "పదేళ్ల కింద ఉద్యమం రోజుల్లో విన్న మాటలే మళ్లీ!" క్లబ్ హౌస్‌లో మీటింగ్ పెట్టారు. పెద్దాయనని పిలిచారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. ఇటువాళ్ల దృష్టిలో నేను "ఆ విలేజ్ మనిషిని", అటువాళ్లకి "గేటోళ్ల మనిషిని". అప్పట్లో నేను అద్దెకుండేది లింగంపల్లిలో. ఎవరికీ కాకుండా పోవడంలో నాకు పుట్టినప్పటి నుంచీ అనుభవం ఉంది.

మేడమ్ నింపాదిగా అడిగారు. "పెద్దాయన గారూ, ఒక్కమాట సూటిగా చెప్పండి. మేం ఊరివాళ్లమా, బయటివాళ్లమా?"

పెద్దాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "గిది ఇప్పుడు తెగే ముచ్చట గాదు తల్లీ. మీరు యాడికి పోవుడు అద్దు. దర్వాజలు పెట్టుకోని సప్పుడు గాకుంట ఉండుండ్రి. కెమెరాలు మాత్రం బంద్ పెట్టుండ్రి."

"నేను అడిగిందానికి జవాబు రాలేదండి."

"కెమెరాల సంగతి జెప్పుండ్రి."

"కుదరదండి."

ఆమె ఎందుకు కుదరదన్నారో అక్కడున్న అందరికీ తెలుసు. కమ్యూనిటీ కొత్తలో ఆమె మనవడు, నడక నేర్చిన పసివాడు, ఒక మధ్యాహ్నమంతా కనబడకుండా పోయాడు. ఎవరో కట్టుకుంటున్న ఇంట్లో, ఇసుక మీద నిద్రపోతూ దొరికాడు. ఆ తరువాత ఆమె ఇంటింటికీ తిరిగి ఒప్పించి పెట్టించినవి ఆ కెమెరాలు. ఏ పరిస్థితిలోనూ ఆపకూడదని నిబంధన రాయించిందీ ఆమే. ఓటింగ్ పెట్టారు. ఆపకూడదనే తేలింది. టెక్నికల్ కమిటీ కుర్రాడు, "సార్, ఫుటేజ్ ఎవరూ చూడకుండా లాక్ చేస్తాం," అన్నాడు. "కన్ను దెరిసి సూసినంక మతికి తెచ్చుకోనంటే అయితదా?" అన్నాడు పెద్దాయన, లేచి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లిన వైపు చూస్తూ నేను ఆ మీటింగ్‌లో చాలా మాటలు అన్నాను. డ్రోన్‌ల మీద, గోడల మీద, గుండ్లు పేల్చేసినవాళ్ల మీద. నా కోపానికి ఒక అలవాటుంది, సందర్భం లేనివన్నీ ఒకేసారి వస్తాయి. జనం ఫోన్లు చూసుకున్నారు.

సాయంత్రం మేడమ్ నాకు ఫోన్ చేశారు. "నిబంధన మళ్లీ చదివానండి. కెమెరాలు ఆపకూడదని ఉంది. కప్పకూడదని లేదు."

"కప్పడమంటే?" అన్నాను.

"ఆ పూట పిల్లలతో సహా అందరం ఇళ్లల్లోనే ఉంటాం కదండీ. బయట ఎవరూ లేనప్పుడు అవి ఎవరిని కాపలా కాయాలి? కప్పుదాం. నడుస్తూనే ఉంటాయి. చీకటిని రికార్డు చేసుకుంటాయి." ఆపైన, "మా వాడిని మాత్రం నా ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను. ఇప్పుడు నా భుజం దాకా వచ్చాడు, అయినా సరే," అన్నారు.

కప్పడానికి ఏముంది? తెలుగువాళ్ల ఇళ్లల్లో దేనికి కరువొచ్చినా పెళ్లిళ్లలో ఇచ్చిన తాంబూలం సంచులకి రాదు. ప్రతి ఇంట్లో వంటింటి అలమర కింద ఒక కట్ట ఉంటుంది. పారేయబుద్ధి కాదు, వాడబుద్ధి కాదు. మర్నాడు ఆడవాళ్లు, మగవాళ్లు నిచ్చెనలు వేసుకుని ఎక్కి, ఒక్కో స్తంభానికి ఒక్కో సంచి కట్టారు. ఎర్రవి, పసుప్పచ్చవి, వినాయకుడి బొమ్మలవి, వధూవరుల పేర్లు అచ్చువేసినవి. ఏ సంచి ఎవరి పెళ్లిదో చదువుకుంటూ, "అయ్యో, వీళ్లు విడిపోయారు కదే!" "ఊరుకోవే, పైకి వినబడుతుంది," అనుకుంటూ నవ్వుకున్నారు. అది నేను తీశాను. ఆ ఫిల్ములో అంత బాగా వచ్చిన భాగం మరొకటి లేదు.

పెద్దాయన వచ్చి స్తంభాలన్నీ తలెత్తి చూసి, "కెమెరాలకు పెండ్లి జేసిండ్రా?" అన్నాడు. నవ్వాపుకోవడం ఆయన వల్ల కాలేదు. తరువాత నా చేతిలోని కెమెరా వైపు చూశాడు. నేనేం మాట్లాడకుండా మేడమ్ దగ్గర ఒక సంచి అడిగి తీసుకున్నాను.

పొలి రోజు సాయంత్రం, పొద్దు గుంకుతుండగా రోడ్లకి అడ్డంగా వేపమండల తోరణం కట్టారు. గేటు బయట డెలివరీ కుర్రాళ్లు వేడివేడి పొట్లాలు పట్టుకుని గుమిగూడారు. లోపలికి పోనివ్వలేదు. చాలా కాలం తరువాత ఆ విల్లాల్లో అందరి వంటిళ్లూ ఒకేసారి వెలిగాయి. నేనూ నా సౌండ్ మనిషీ మేడమ్ ఇంట్లో పప్పుచారు, గుమ్మడి వడియాలతో అన్నం తిన్నాం. ఆమె ఇంటి గోడే పొలిమేర. తరువాత దీపాలార్పి, కర్టెన్లు దించి, హాల్లో నేల మీద కూర్చున్నాం. మేడమ్, ఆమె కోడలు, మనవడు, నేను, నా సౌండ్ మనిషి. నా కెమెరా మూతికి ఎవరో ఒక జంట పేరున్న సంచి. కిటికీ వెనక సౌండ్ మనిషి మైకు.

పొలి పోయేవాళ్లలో గంప ఎత్తుకున్నవాడు, నీళ్లు చల్లేవాడు, కర్రలతో ఇంకొందరు. వాళ్లెవరూ నోరు విప్పకూడదు. ముందు దారి తీసే పెద్దాయన ఒక్కడే కేక వేస్తాడు. "పొలో... పొలి!" అని.

మొదట అది ఎక్కడో దూరంగా, మెయిన్ రోడ్డు అవతల వినబడింది. అప్పుడు గమనించాను, ఆ ప్రాంతంలో ఏసీల చప్పుడు లేదు, కార్ల హారన్లు లేవు. ఆ రోజులే వేరు అనిపించింది. ఈ తెల్లాపూర్ దారంట నేను స్కూటర్ మీద షూటింగులకి వెళ్లిన కాలంలో మునిమాపు ఇట్లాగే ఉండేది. బండల మీద ఎండ చల్లారుతున్న వాసన, ఎవరో ఎవరినో పిలుస్తున్న గొంతు. అవతలి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో గొంతుని బట్టి తెలిసేది. ఇప్పుడు పక్కగదిలో మనిషికి ఫోన్ చేస్తున్నాం.

కేక దగ్గరైంది. గేటు దాటింది. క్లబ్ హౌస్ దాటింది. "పొలో... పొలి!" మనవడు నాయనమ్మ కొంగు పట్టుకున్నాడు. ఇంకాస్త దగ్గరకి వచ్చింది.

ఆగిపోయింది.

కాసేపు ఊపిరి తీసుకుంటున్నాడనుకున్నాం. కేక మళ్లీ రాలేదు. నా సౌండ్ మనిషి హెడ్‌ఫోన్స్ మీద రెండు చేతులూ వేసి కళ్లు మూసుకుంది. తరువాత నా వైపు తిరిగి, నేల మీద వేళ్లతో చూపించింది. అడుగులు ఇటు పోతున్నాయి, ఆగుతున్నాయి, అటు పోతున్నాయి. అన్ని విల్లాలూ ఒకటే తెలుపు, ఒకటే గోడ. దీపాలన్నీ ఆర్పేశాం. పగలు కర్రతో చూపించిన మనిషే అయినా, చీకట్లో ఏ గోడ ఏదో ఆయనకి ఎలా తెలుస్తుంది? వెంటున్నవాళ్లు నోరు విప్పకూడదు. మేం తలుపు తీయకూడదు. పెద్దాయన తప్పు గోడ పట్టుకుంటే పొలిమేర తెగింది. ఆడబిడ్డలంతా వచ్చి కూర్చున్నారు. మళ్లీ ఎన్నేళ్లకి?

కేక నా నోటిదాకా వచ్చింది. "పొలో" అని కేకేస్తే చాలు, ఈ గోడే పొలిమేరని ఆయనకి తెలుస్తుంది. పెదవులు తెరిచాను. రికార్డింగ్ నడుస్తోంది. రికార్డర్ ఎర్రదీపం వెలుగుతోంది. రికార్డింగ్ నడుస్తుంటే ఇల్లు అంటుకున్నా నోరు తెరవకూడదని ఎందరికో పాఠం చెప్పినవాణ్ణి. తెరిచిన పెదవులు మళ్లీ మూసేశాను.

మేడమ్ కేక వేశారు.

కూర్చున్నచోటే కూర్చుని, కర్టెన్ వైపు ముఖం కూడా తిప్పకుండా, ట్రెజరీ ఆఫీసులో ఎన్నడూ ఎత్తి ఉండని గొంతుతో, "పొలో... పొలి!" అన్నారు. మేమంతా అదిరిపడ్డాం. అంతలో గోడ పక్క ఇంట్లోంచి ఒక మగగొంతు, కాస్త బెరుగ్గా, "పొలో పొలి!" అంది. దాని పక్కింట్లోంచి ఇంకొకటి. అది తమిళ యాసలో. ఆపైన ఎవరో పిల్లల గొంతులు, నవ్వు కలిసి. పొలిమేర మీదున్న ఇళ్లన్నీ, వాళ్లకి తెలుసు తాము పొలిమేర మీదున్నామని, ఒకదాని తరువాత ఒకటి పలికాయి. చీకట్లో ఒక గీత గీసినట్టు. కేక ఉయ్యాలల దాకా వెళ్లి ఆగింది.

అప్పుడు పెద్దాయన గొంతు లేచింది. మా గోడకి ఆనుకునే. "పొలో... పొలి!" ఆ గీత వెంట సాగి, గోడ అవతల ఊళ్లోకి వెళ్లి, సన్నగిల్లి కలిసిపోయింది.

ముడిపడిందని ఊళ్లోంచి డప్పు మోగాక తలుపులు తీశాం. అందరూ వీధిలోకి వచ్చి, ఏదో గెలిచినట్టు ఒకరి చేతులొకరు పట్టుకుంటున్నారు. అంతలో పెద్దాయన గేటులోంచి మళ్లీ లోపలికి వచ్చాడు. వెనక కమిటీ కుర్రాళ్లు. ముఖాలు మాడిపోయి ఉన్నాయి.

"ఎవరు ఒర్రింది? సప్పుడు జెయ్యొద్దంటి గదా! ఎవరొర్రిండ్రు?"

నవ్వులన్నీ ఆగిపోయాయి. "మీరు దారి తప్పారేమోనని..." అన్నారెవరో.

"నేను దారి తప్పుడా? నా పొలం గిది! దమ్ము తీసుకుంటున్న. జర దమ్ము తీస్కుంటే ఊరంత ఒర్రుడేనా?"

నా సౌండ్ మనిషి నన్ను మోచేత్తో పొడిచింది. నేను ఆకాశం వైపు చూశాను.

కమిటీ కుర్రాడొకడు ముందుకొచ్చాడు. "తాతా, గది కాదు. ఊరోళ్లు ఒర్రితే తప్పే గని కట్టు తెగది, బయటోళ్లు నోరువెడితే తెగుతదని నువ్వే అంటివి. ఇప్పుడు ఏమైనట్టు? తెగినట్టా, తెగనట్టా? ఆడ బొడ్రాయి కాడ అందరు అడుగుతుండ్రు."

ఇప్పుడు తప్పించుకునే దారి లేదు. పెద్దాయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. మేడమ్ మెట్లు దిగి వచ్చి ఆయనకి ఎదురుగా నిలబడ్డారు.

"తప్పు నాదేనండి. మొదట అరిచింది నేను."

"ఎందుకొర్రినవమ్మా?"

"మా నాన్నగారు కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు పొలి అనేవారండి. మధ్యలో ఆపితే గింజ నిలవదనేవారు. ఆయన గొంతు బొంగురుపోతే మేం పిల్లలం అందుకునేవాళ్లం. మీ కేక ఆగిపోయేసరికి... నోట్లోంచి వచ్చేసింది. ఆలోచించలేదు."

"గది మీ ఊర్ల ముచ్చట."

"అవునండి."

"ఆ ఊర్ల ఇప్పుడు మీకేమున్నది?"

"ఏం లేదండి. ఎవరూ లేరు."

"మరి ఇప్పుడు నీ ఊరేది?"

ఆ ప్రశ్న నా జీవితంలో నేను ఎందరిని అడిగానో. ఇంత సూటిగా, ఇంత పనికొచ్చేలా ఎవరినీ అడగలేదు. మేడమ్ వెనక్కి తిరిగి తన ఇంటి వైపు చూశారు. గుమ్మంలో మనవడు నిలబడి ఉన్నాడు. "ఇదేనండి," అన్నారు. "ఇంకెక్కడికి పోతాను?"

పెద్దాయన కుర్రాళ్ల వైపు తిరిగాడు. "ఇన్నరా? పోయి చెప్పుండ్రి. బయటోళ్లెవ్వలు ఒర్రలే. ఊరే ఒర్రింది. కట్టు తెగలే."

కుర్రాళ్లు పరుగెత్తారు. వీధి వీధంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆడవాళ్లు కొందరు కళ్లొత్తుకున్నారు, కొందరు మేడమ్‌ని చుట్టేశారు. పెద్దాయన నాలుగడుగులు వేసి, ఏదో అనుమానం వచ్చినట్టు ఆగి, వెనక్కి తిరిగి నా వైపు కర్ర చూపించాడు.

"ఓ ఫిల్మాయనా. నువ్వు ఒర్రినవా?"

వీధంతా నా వైపు తిరిగింది.

"లేదు," అన్నాను.

"నిజం జెప్పు."

నా సౌండ్ మనిషి అందుకుంది. "రికార్డింగ్ నడుస్తుంటే ఈయన దగ్గు కూడా దగ్గరు తాతా. నన్నూ దగ్గనివ్వరు."

"బతికించినవ్ పో! నువ్వు ఒర్రితే ఖతమైతుండె. నీది లింగంపల్లి." జనమంతా గొల్లుమన్నారు. పెద్దాయన కూడా నవ్వుతూ దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంకోపారి బొడ్రాయి పండుగ అయ్యేటాళ్లకు మా ఊర్ల ఓ రూము కిరాయికి తీస్కో. అప్పుడు నువ్వు గూడ ఒర్రు. ఎవ్వలు ఏమనరు."

ఆ ఫిల్ము గతి కూడా చెప్పేస్తాను. తెర నల్లగా ఉండి కేకలు మాత్రం వినబడే ఆ భాగాన్ని వార్షికోత్సవం నాటికి కమిటీలోకి వచ్చిన కొత్తవాళ్లు "టెక్నికల్ ఎర్రర్" అని కోసేసి, ఆ స్థానంలో డ్రోన్‌తో తీసిన ఈత కొలను పెట్టారు. అది పక్కూరిదని కూడా వాళ్లకి తెలియదు. ఆ తరువాత నేను పని మానేశాను. పూర్తి ఫిల్ము నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడు తీసి, తెర వైపు చూడకుండా వింటాను. ముందు మేడమ్ గొంతు, తరువాత పక్కింటాయన, ఆపైన తమిళ యాస, పిల్లల నవ్వు. ఎవరిది ఏ గొంతో అన్నీ గుర్తుపడతాను. నాది కూడా ఉందేమోనని ప్రతిసారీ వెతుకుతాను, లేదని తెలిసి కూడా.